మనసు బాధకు ఏ తలుపు తట్టాలి?

మేడ్చల్‌లో మా వీధి చివరింటి అమ్మాయి ఓ మధ్యాహ్నం మూడు నెలల పాపను చంకనేసుకుని మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోదు.

"నిద్ర పడ్తలేదక్కా. పాప ఏడిస్తే ఎత్తుకోబుద్ధి అయితలేదు. నేను మంచి తల్లిని కాదా?" అంది.

అత్తగారు దిష్టి తీశారు. తాయెత్తు కట్టించారు. భర్త కాస్త చదువుకున్నవాడు, షామీర్‌పేట వెళ్లే దారిలో ఏదో కౌన్సెలింగ్ బోర్డు చూసి తీసుకెళ్లాడు. మూడు సిట్టింగులు. పాజిటివ్‌గా ఆలోచించు, ధ్యానం చెయ్యి అన్నారట. కళ్లు మూసుకుంటే చచ్చిపోవాలన్న ఆలోచనలే వస్తున్నాయని ఆ పిల్ల చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

చివరికి పురుడు పోసిన డాక్టరమ్మే సంగతి కనిపెట్టి, వెంటనే సైకియాట్రిస్ట్‌కి చూపించమన్నారు. "ఎర్రగడ్డకా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు భర్త. మన హైదరాబాదులో ఆ ఊరి పేరే ఒక తిట్టయిపోయింది కదా! కానీ అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు రోజూ ఎంతోమంది ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని ఇంటికెళ్లిపోతారు. ఈ అమ్మాయీ అలాగే వెళ్లొచ్చింది. అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. పాలిచ్చే తల్లికి సరిపడే మందులు ఇచ్చారు. దాంతోపాటు మాట్లాడే చికిత్సా చేశారు. రెండు నెలలు గడిచేసరికి పాపకు లాలపోస్తూ పాట పాడుతోంది.

కౌన్సెలింగ్ చెడ్డదని చెప్పడం లేదు. పంటినొప్పికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ డాక్టరు తప్పేముంది?

ఎవరు ఏం చేస్తారు?

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందులు రాసేది వీరే. వారాల తరబడి నిద్ర, ఆకలి పోయినా, ఎవరో పిలుస్తున్నట్టు మాటలు వినిపిస్తున్నా, చావు తలపులు వస్తున్నా ముందు ఇక్కడికే వెళ్లాలి.

క్లినికల్ సైకాలజిస్ట్ మందులివ్వరు. పరీక్షలు చేస్తారు, మాటలతో, సాధనతో చికిత్స చేస్తారు. అకారణ భయాలకు, చేతులు పదే పదే కడుక్కునే జబ్బుకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసం కూడా ఇస్తారు.

పిల్లల్లో బుద్ధి ఎదుగుదల వెనకబడిందని అనుమానమా? మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే దారిలోనే, బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. పరీక్ష, శిక్షణ రెండూ అక్కడ దొరుకుతాయి.

భార్యాభర్తల మాట పట్టింపులకు, పిల్లల చదువు దిగులుకు, అయినవాళ్లు పోయిన దుఃఖానికి మంచి కౌన్సెలర్ చాలు. కానీ భర్త చెయ్యి చేసుకుంటున్నాడంటే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే కౌన్సెలింగ్ మొదటి మెట్టు కాదు. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికొచ్చాక మళ్లీ దెబ్బలు పడొచ్చు. ముందు 181కి ఫోన్ చేయండి, సఖి కేంద్రం సాయం తీసుకోండి.

తాగుడు మానిపించాలంటే బతిమాలడం, ఒట్టు వేయించుకోవడం చాలవు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డకు జనం పోటెత్తింది ఇందుకే. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

అడగడానికి మొహమాటమెందుకు?

చీర కొంటే అంచు తిప్పి చూస్తాం. మనసు అప్పగించే చోట నాలుగు ప్రశ్నలు అడగొద్దూ? ఏం చదివారు? రిజిస్ట్రేషన్ ఉందా? క్లినికల్ సైకాలజిస్టుకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందా అని అడగండి. మా లాంటి సమస్య ఇంతకుముందు చూశారా? ఎన్నిసార్లు రావాలి, ఫీజెంత? మన యాసలో మన మాట మనం చెప్పుకోగలమా అన్నదీ చూసుకోవాలి.

గ్యారంటీగా తగ్గిస్తామన్నా, డాక్టరును అడగకుండా మందులు ఆపమన్నా, ఇంకొకరి గుట్టు మీ ముందు విప్పినా, అక్కరలేని చనువు చూపినా లేచి వచ్చేయండి. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం మినహాయింపు ఉంటుంది. కొన్ని సిట్టింగులైనా మార్పు లేకపోతే ఆ మాటే వారితో చెప్పండి, అవసరమైతే మనిషిని మార్చండి. అది ద్రోహమేమీ కాదు.

ఎటు వెళ్లాలో తోచనప్పుడు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఇది. పగలూ రాత్రీ, తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు.

మొన్న ఆ అమ్మాయి పాప పుట్టినరోజు పాయసం తెచ్చిచ్చింది. "అక్కా, ఆ రోజు నేను చెడ్డ తల్లిని కాదు, జబ్బు మనిషిని. అంతే కదా?" అంది.

అంతేనమ్మా. ఆ మాట చెప్పేవాళ్ల దగ్గరికి నువ్వు చేరడానికే ఇన్నాళ్లు పట్టింది.