పాట మధురం.. వెనుక ఫ్యాను రొద!
ఇంటి కంప్యూటర్‌పై రికార్డింగ్‌లో అనవసర శబ్దాలకు అడ్డుకట్ట ఇలా

అంబాజీపేట: గొంతు బాగుంది. శ్రుతి తప్పలేదు. తీరా రికార్డు చేసిన పాటను హెడ్‌ఫోన్‌లో వింటే పల్లవి కంటే ముందే ఫ్యాను చప్పుడు, దాని వెనుక గుయ్యిమనే సన్నని రొద, చరణం మధ్యలో కాకి అరుపు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చొని భజన గీతాలు, క్రైస్తవ కీర్తనలు, వీణ, వయొలిన్ వాద్యాలు రికార్డు చేసుకొనేవారికి తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఇది.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఆ తరువాత చాలాకాలం గొంతు రికార్డు కావాలంటే కళాకారులు స్టూడియో గడప తొక్కవలసిందే. కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ కేంద్రంలో పనిచేసినవారే. నేడు ఒక మైకు, కంప్యూటర్ ఉంటే చాలు. అయితే స్టూడియోలోని నిశ్శబ్దం మాత్రం ఇంటికి రాలేదు. వృద్ధురాలైన తల్లి పాడే మంగళహారతులు, పెళ్లిపాటలు భద్రపరచాలనుకొనేవారికి రెండో అవకాశం దొరకకపోవచ్చు. అందుకే ముందు జాగ్రత్త అవసరం.

మైకు దగ్గరగా..

అన్నిటికంటే చవకైన మార్గం మైకును గాయకుని వద్దకు జరపడమే. మైకు దూరాన్ని సగానికి తగ్గిస్తే, అంటే 30 సెంటీమీటర్ల నుంచి 15కు తెస్తే, పాట బలం దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలోని రొద మాత్రం అంతే ఉంటుంది. అప్పుడు రికార్డింగ్ స్థాయిని తగ్గించుకుంటే రొద కూడా ఆ మేరకు అణగిపోతుంది. మరీ దగ్గరైతే ‘ప’, ‘భ’ వంటి అక్షరాల వద్ద గాలి తగిలి టప్పుమంటుంది. మైకును నోటికి కాస్త పక్కగా ఉంచితే సరిపోతుంది. ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా గ్రహించే కార్డియాయిడ్ రకం మైకు అయితే, దాని వీపు కంప్యూటర్ వైపు ఉండేలా పెట్టడం ఉత్తమం. 2024లో ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ చిత్రంతో ఈ ఊరి పేరు తెరకెక్కింది. బ్యాండు మేళానికి, నాదస్వరానికి మాత్రం ఈ బాధ అంతగా లేదు. ఫ్యాను చప్పుడును మింగేసే బలం వాటికి ఉంది. చిక్కంతా వీణ, తంబురా, మెల్లని గొంతుతోనే.

ఆ ‘గుయ్’ ఎక్కడిది?

మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్‌ది. ఆ కంపనం, దాని రెట్టింపులైన 100, 150 హెర్ట్జ్ కంపనాలు తీగల ద్వారా మైకు లైనులోకి చొరబడతాయి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి బ్యాటరీపై నడిపి చూడాలి. రొద ఆగిపోతే దోషం కరెంటు వైపు ఉన్నట్లే. కంప్యూటరును ఒక ప్లగ్గుకు, మిక్సర్‌ను వేరే గోడలోని ప్లగ్గుకు తగిలించినా ఈ సమస్య వస్తుంది; రెండింటినీ ఒకే బోర్డుకు కలపాలి. రొద పోతుందని ఎర్త్ పిన్నును తొలగించడం ప్రాణాపాయం. పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్, ట్యూబ్‌లైటు చోకు, ఫ్యాను రెగ్యులేటర్ కూడా అనుమానించవలసినవే. కంప్యూటర్‌కు ఉండే మైకు రంధ్రం కంటే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ సాధారణంగా శుభ్రమైన ధ్వనినిస్తుంది.

ఫ్యాను విషయంలో రాజీ లేదు, ఆపవలసిందే. కోనసీమ ఉక్కపోతలో అది కష్టమే కనుక ఒక్కో పాట పూర్తికాగానే విరామం ఇచ్చుకోవాలి. తోటలో దింపు, కొబ్బరికాయల ఒలుపు, మోటార్లు ఆగిన రాత్రివేళ అనుకూలం.

కొబ్బరి పీచుతో కొంత..

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే బయటి శబ్దం ఆగుతుందన్నది అపోహ. బయటి శబ్దాన్ని ఆపేది బరువైన గోడ, సందులేని తలుపు, బిగుతైన కిటికీ. బొంతలు, పరుపులు చేసే పని వేరు. అవి గదిలోని ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. కొబ్బరి పీచుకూ ఈ గుణం ఉందని మలేసియా పరిశోధకుల పరీక్షల్లో తేలింది. హెచ్చు స్థాయి ధ్వనులను బాగా పీల్చుకొంటుంది కానీ, మంద్ర ధ్వనులకు మందం ఎక్కువ కావాలి. పీచు పరుపును గాయకుని వెనుక నిలబెట్టి చూడడానికి ఈ ప్రాంతంలో పెద్ద ఖర్చేమీ కాదు.

సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త

ఉచితంగా లభించే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో రొదను తగ్గించే సౌకర్యం ఉంది. పాటకు ముందు పది సెకన్లు ఎవరూ కదలకుండా నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి. ఆ ముక్కను నమూనాగా చూపితే సాఫ్ట్‌వేర్ అలాంటి శబ్దాన్ని పాటంతటా తగ్గిస్తుంది. ఫ్యాను వంటి ఏకధాటి చప్పుళ్లకే ఇది పనికొస్తుంది. కాకి అరుపుకు పనికిరాదు. 6 నుంచి 12 డెసిబెల్స్ వరకు తగ్గించి ఆపడం మేలు. అత్యాశకు పోతే గొంతు నీటిలో మునిగినట్లు వినిపిస్తుంది, వీణ తీగ మోగి ఆరిపోయే చివరి నాదం తెగిపోతుంది. మాటల కోసం తయారైన కృత్రిమ మేధ పరికరాలు తంబురా నాదాన్నే రొదగా భావించి తుడిచేసే ప్రమాదం ఉంది. గాయకుల రికార్డింగ్‌లో 80 హెర్ట్జ్ దిగువ ధ్వనులను వడపోస్తే వాహనాల గుడగుడ చాలావరకు తగ్గుతుంది. మృదంగం ఉంటే ఆ వడపోత వద్దు.

ఏ మార్పు చేసేముందైనా అసలు రికార్డింగ్‌ను వేవ్ ఫైలుగా వేరే డిస్కులో దాచుకోవాలి. రేపు ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు దానికి కావలసింది ఆ ఫైలే.