భర్త పోయి భాగస్వామి వచ్చాడు

2021లో మన గర్భస్రావ చట్టంలో ‘భర్త’ అన్నచోట ‘భాగస్వామి’ అని మార్చారు. బాగానే ఉంది. కానీ 20 నుంచి 24 వారాల మధ్య అనుమతిచ్చే రూల్స్‌లో భర్త చనిపోయినవాళ్లు, విడాకులైనవాళ్లు ఉన్నారు గానీ అసలు పెళ్లే కానివాళ్లు లేరు!

2022లో పాతికేళ్ల అమ్మాయి ఒకరు (మనకంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే), ప్రేమించినవాడు పెళ్లికి కాదన్నాక ఢిల్లీ హైకోర్టుకెళ్తే ఇదే కారణంతో కుదరదన్నారు. కోర్టు వాయిదాలు వేసినా వారాలు ఆగవు కదా. సుప్రీంకోర్టు జులై 21న, ఎయిమ్స్ డాక్టర్లు ప్రాణానికి ప్రమాదం లేదంటే చేయొచ్చని ముందే చెప్పేసింది. సెప్టెంబర్ 29న పూర్తి తీర్పు: పెళ్లయిందా లేదా అని చూసి తేడా చేయడం రాజ్యాంగం 14వ అధికరణం ముందు నిలవదు.

అదే తీర్పులో ఇంకోటుంది. ఈ చట్టం వరకు భర్త బలవంతం చేసినా అత్యాచారమే. శిక్ష వేసే చట్టంలో మాత్రం ఇప్పటికీ కాదు.