డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకు పని చేసేవాళ్లకు ‘నమస్తే’ పథకం: శిక్షణ, సబ్సిడీ అందుకోవడం ఎలా?

మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం 2023-24లో ‘నమస్తే’ పథకం తెచ్చింది. సామాజిక న్యాయ శాఖ, పట్టణ వ్యవహారాల శాఖ కలిసి నడిపే ఈ పథకానికి మూడేళ్లకు రూ.349.70 కోట్లు కేటాయించారు. మీ ఊళ్లో దీన్ని అమలు చేసేది మీ మున్సిపాలిటీయే. భద్రతా శిక్షణ, రక్షణ కిట్టు, కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా, సొంతంగా మిషన్ కొనుక్కుంటే సబ్సిడీ ఇందులో ఉన్నాయి. అయితే వీటిలో ఏది రావాలన్నా ముందు మీ పేరు జాబితాలోకి ఎక్కాలి. దాన్నే ‘ప్రొఫైలింగ్’ అంటున్నారు.

నేను మున్సిపాలిటీ ఉద్యోగిని కాదు, నాకూ వస్తుందా?

వస్తుంది. ఈ ఒక్క సందేహంతోనే చాలామంది క్యాంపు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతున్నారు. మీకు జీతం ఎవరిస్తున్నారన్నది కాదు, మీరు ఏ పని చేస్తున్నారన్నదే చూస్తారు. కాంట్రాక్టరు కింద పనిచేసినా, ప్రైవేటు సెప్టిక్ ట్యాంకు బండి మీద వెళ్లినా అర్హులే. ట్యాంకులో పైపు వేసే హెల్పరే కాదు, ఆ బండి నడిపే డ్రైవరు, మిషన్ ఆపరేటరు కూడా ఈ లెక్కలోకి వస్తారు. కులం కూడా అడ్డు కాదు. జాబితాలో ఎస్సీలే ఎక్కువమంది ఉన్నా, బీసీలు, ఎస్టీలు, ఇతరులూ ఉన్నారు. 2024లో చెత్త ఏరుకుని బతికేవాళ్లను కూడా పథకంలో చేర్చారు. రోడ్లు ఊడ్చేవాళ్లు మాత్రం డ్రైనేజీ కార్మికుల జాబితాలోకి రారు.

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోటో, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు పట్టుకుని మున్సిపల్ ఆఫీసులో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను కలవండి. కాంట్రాక్టరు ఉత్తరం రాసివ్వలేదని ఆగిపోవద్దు. మీరు ఈ పని చేస్తున్నారని నిర్ధారించాల్సింది మున్సిపాలిటీయే. రోజుకో చోట పని చేసేవాళ్లయితే, మీతోపాటు పనిచేసే ఇద్దరు ముగ్గురిని కలుపుకొని వెళ్లండి, పని తేలికవుతుంది.

శిక్షణలో ఏం నేర్పుతారు?

‘ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనికి మళ్లీ శిక్షణ దేనికి’ అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అనుభవం ఉన్నవాళ్లు కూడా మోసపోయే చోటు ఒకటుంది, అదే వాసన. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారిపోయి ఆ కంపే తెలియదు. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుని దిగితే, అప్పుడే ఎక్కువ ప్రమాదం. అగ్గిపుల్ల వెలిగించి చూసే పాత అలవాటూ మంచిది కాదు. అదే గుంటలో మీథేన్ ఉంటే అంటుకుంటుంది. అందుకే గ్యాస్ డిటెక్టర్ వాడటం, మూతలు తీసి గాలి ఆడనివ్వడం, జెట్టింగ్ మిషన్‌తో పైనుంచే అడ్డు తొలగించడం నేర్పుతారు.

లోపల ఒకరు పడిపోతే కాపాడాలని వెంటనే ఇంకొకరు దిగుతారు, తర్వాత మూడో మనిషి. ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురు చనిపోయిన ఘటనల్లో తరచూ జరిగేది ఇదే. ఎంత దగ్గరివాళ్లయినా, ఊపిరి పరికరం లేకుండా వెనకాలే దిగొద్దు. శిక్షణ మొత్తంలో ఈ ఒక్క మాట గుర్తున్నా చాలు.

అసలు గుంటలోకి దిగమని చెప్పే హక్కు మీ యజమానికి లేదు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. మిషన్‌తో కుదరని ప్రత్యేక పరిస్థితుల్లో దిగాల్సి వచ్చినా, కారణం రాసి, స్థానిక సంస్థ ముఖ్య అధికారి ముందుగా అనుమతి ఇవ్వాలి. నోటిమాట చాలదు.

సబ్సిడీ లెక్క

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. సబ్సిడీ అంటే చేతికిచ్చే డబ్బు కాదు. బ్యాంకు లోనుతో ముడిపడి ఉంటుంది. పారిశుద్ధ్య మిషన్ లేదా బండి ఖరీదు రూ.5 లక్షల లోపయితే అందులో సగం సబ్సిడీ. 5 లక్షలు దాటి 15 లక్షల వరకు అయితే రూ.2.5 లక్షలు, దానికి తోడు 5 లక్షలకు పైబడిన మొత్తంలో నాలుగో వంతు. ఉదాహరణకు బండి రూ.9 లక్షలనుకోండి. 2.5 లక్షలు, పైనున్న 4 లక్షల్లో నాలుగో వంతు 1 లక్ష, మొత్తం రూ.3.5 లక్షల సబ్సిడీ. మిగిలిన 5.5 లక్షలు మీరు తీర్చాల్సిన అప్పు. ఒక్కరికి గరిష్ఠంగా రూ.5 లక్షలు, ఐదుగురు కలిసి గ్రూపుగా పెద్ద మిషన్ కొంటే రూ.18.75 లక్షల వరకు సబ్సిడీ వస్తుంది. కార్మికుడి మీద ఆధారపడిన కుటుంబ సభ్యులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

అప్పు తీర్చాలంటే బండికి పని ఉండాలి. మా సలహా ఏంటంటే, కొటేషన్ తీసుకునే ముందే మున్సిపాలిటీని అడగండి: నెలకు ఎన్ని ట్రిప్పులు ఇప్పించగలరు, ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలి అని. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి వెళ్లే 70 మినీ జెట్టింగ్ మిషన్లను దళిత యువత చేతుల్లో పెట్టింది. అక్కడ మిషన్లతోపాటు బోర్డు పని కూడా ఇచ్చింది కాబట్టి అప్పు తీర్చే దారి దొరికింది. పని చూపించకుండా బండి మాత్రం ఇప్పిస్తే అది గుమ్మం ముందు ఆగిపోతుంది, కిస్తీ మాత్రం ఆగదు.

‘సబ్సిడీ పాస్ చేయిస్తా, ఐదు వేలివ్వు’ అనేవాళ్లను నమ్మొద్దు. పేరు నమోదుకు రూపాయి కూడా కట్టక్కర్లేదు.

ప్రమాదం జరిగితే

మురుగు పనిలో చనిపోతే కుటుంబానికి రూ.30 లక్షలు, శాశ్వత వైకల్యం వస్తే రూ.20 లక్షలు, ఇతర వైకల్యానికి కనీసం రూ.10 లక్షలు పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న తీర్పు చెప్పింది. అంతకుముందు మరణానికి రూ.10 లక్షలే ఉండేది. కాంట్రాక్టరు ఇంటికొచ్చి ఎంతోకొంత చేతిలో పెట్టి కాగితం మీద సంతకం అడిగితే, పెట్టకముందే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కలెక్టరేట్‌కు రండి. ఎఫ్‌ఐఆర్‌లో ‘సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేస్తుండగా’ అన్న మాట ఉందో లేదో చదివించుకోండి. అది లేకపోతే పరిహారం ఫైలు కదలడం కష్టం.

పథకాన్ని మొదట 2025-26 వరకే ప్రకటించారు. కాబట్టి నమోదు వాయిదా వేయకుండా ఈ వారమే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లండి. కిట్టు తీసుకున్నాక బూట్లు, గ్లౌజులు మీ సైజువేనా చూసుకోండి. సరిపోకపోతే అక్కడే చెప్పి మార్పించుకోండి.