వార్తల్లో పదం: డేటా వర్చువలైజేషన్

ఏఐ కోసం కంపెనీలు డేటాను సిద్ధం చేసుకుంటున్న వార్తల్లో ఈ మాట వినిపిస్తోంది. వేర్వేరు సర్వర్లలోని సమాచారాన్ని కాపీ చేయకుండా, ఉన్నచోటే ఉంచి, అంతా ఒకేచోట ఉన్నట్టు చూపించే పద్ధతి ఇది.

బ్యాంకునే తీసుకోండి. పొదుపు ఖాతా ఒక వ్యవస్థలో, ఇంటి రుణం మరోదాంట్లో, క్రెడిట్ కార్డు ఇంకోదాంట్లో ఉండొచ్చు. ఖాతాదారు వివరాలన్నీ అడిగితే, మధ్యలోని వర్చువల్ పొర ఆ ప్రశ్నను విడగొట్టి దేనికి సంబంధించింది దానికి పంపుతుంది. వచ్చిన జవాబులను కలిపి ఒకే పట్టికగా ఇస్తుంది. డేటా వేర్‌హౌస్‌లోనైతే అన్నీ ముందే ఒకేచోటికి కాపీ చేసుకోవాలి. చాలాచోట్ల అది రాత్రి జరిగే పని. పగలు కనిపించేది నిన్నటి లెక్కే కావచ్చు.

స్పెయిన్‌లో 1999లో మొదలైన డెనోడో కంపెనీ ఈ రంగంలో పాత పేరే.

కాపీలు తగ్గితే మన వివరాలకు కాపలా కాయాల్సిన చోట్లూ తగ్గుతాయి. అయితే అసలు సర్వర్ నెమ్మదిస్తే జవాబూ నెమ్మదిస్తుంది. ఏళ్లనాటి లెక్కల విశ్లేషణకు వేర్‌హౌస్ అవసరం ఇంకా ఉంది.