గుర్రపు నడకను, ఆరోగ్యాన్ని గమనించే ధారణ సెన్సార్లు: చీపురుపల్లి ప్రాంత పశువైద్య విస్తరణకు అన్వయం

సారాంశం

గుర్రాలలో కుంటును తొలిదశలో కంటితో గుర్తించడం అనుభవజ్ఞులైన పశువైద్యులకు సైతం కష్టసాధ్యం. గుర్రం తలపైన, తుంటిపైన, కాలిపైన అమర్చే తేలికపాటి సెన్సార్లు నడకలోని అసమానతను మిల్లీమీటర్లలో కొలిచి చూపుతాయి. అయితే అవి కొలిచేది అసమానతనే గాని వ్యాధిని కాదు. ఈ సెన్సార్లు పనిచేసే సూత్రం, కొలతలను అర్థం చేసుకోవలసిన పద్ధతి, గుర్రాలు తక్కువగా, చెదురుమదురుగా ఉన్న చీపురుపల్లి వంటి ప్రాంతంలో వాటిని వినియోగించుకోదగిన విధానం ఈ వ్యాసంలో వివరించబడినవి.

కీలక పదాలు: గుర్రం, కుంటు, నడక విశ్లేషణ, ధారణ సెన్సార్లు, పశువైద్య విస్తరణ

పరిచయం

మన దేశంలో గుర్రాల సంఖ్య వేగంగా తగ్గుతున్నది. 2012 పశుగణనలో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019లో జరిగిన 20వ పశుగణన నాటికి సుమారు 3.4 లక్షలకు చేరినవి. తగ్గుదల దాదాపు 45 శాతం. సంఖ్య తగ్గినంత మాత్రాన మిగిలిన గుర్రాల విలువ తగ్గలేదు. ఉత్తరాంధ్రలో ఇప్పటికీ రోడ్డు సరిగా లేని కొండ గ్రామాల నుంచి సంతకు సరుకు దించడానికి, వివాహాది ఊరేగింపులకు, జాతరలలో పరుగు పందేలకు, విశాఖ సముద్రతీరంలో సందర్శకుల సవారీకి గుర్రాలను వాడుతున్నారు. వీటిలో అధిక భాగం ఒకటి రెండు గుర్రాలు మాత్రమే ఉన్న కుటుంబాలవి. అటువంటి ఇంట గుర్రం కుంటితే ఆ రోజు నుంచే ఆదాయం ఆగిపోతుంది. ఆదాయం ఆగకూడదని కుంటుతున్న గుర్రాన్నే పనిలో పెడితే నయం కాగల గాయం శాశ్వత వైకల్యంగా మారుతుంది. కాబట్టి కుంటును ఎంత త్వరగా గుర్తించగలమన్నది యజమానికి జీవనోపాధి ప్రశ్న, గుర్రానికి బాధకు సంబంధించిన ప్రశ్న.

కంటిచూపు పరిమితులు

గుర్రపు నడకను నిశితంగా చూడడం మనకు కొత్త కాదు. శాలిహోత్రుని పేర వెలసిన అశ్వశాస్త్ర సంప్రదాయం గుర్రపు గతులను ఐదు ధారలుగా వర్గీకరించినది. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అన్నవి వాటి పేర్లు. తెలుగు నిఘంటువులలో జోడన, రవగాలు, మురళి వంటి దేశీయ నామాలు కూడా కనిపిస్తాయి. ఒక్కొక్క గతికి వేరు వేరు పేర్లు పెట్టగలిగినంత సూక్ష్మంగా మన పూర్వులు గుర్రాన్ని గమనించారు.

అయినా మనిషి కంటికి హద్దులున్నాయి. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ కీగన్, సహ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 131 గుర్రాలను అనుభవజ్ఞులైన వైద్యులు పరీక్షించారు. అక్కడ కుంటు తీవ్రతకు 0 నుంచి 5 వరకు అంకెలు ఇస్తారు. సగటు తీవ్రత 1.5 కంటే ఎక్కువగా ఉన్నప్పుడు, ఒక కాలు కుంటుతున్నదా లేదా అన్న విషయంలో వైద్యులు 93 శాతం సందర్భాలలో ఏకీభవించారు. తీవ్రత 1.5, అంతకు తక్కువ ఉన్నప్పుడు ఏకాభిప్రాయం 62 శాతానికి పడిపోయింది. చికిత్స సులభంగా ఫలించే తొలిదశలోనే కంటిపరీక్ష ఎక్కువగా తడబడుతున్నదని దీని భావం.

నడకను కొలిచే ప్రయత్నాలు

గుర్రానికి పరికరం తొడిగి నడకను నమోదు చేయడం 19వ శతాబ్దంలోనే మొదలయినది. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే గుర్రపు గిట్టల కింద గాలి నింపిన రబ్బరు బుడగలను అమర్చి, వాటి నుంచి గొట్టాలను రౌతు చేతిలోని నమోదు యంత్రానికి కలిపాడు. గిట్ట నేలను తాకినప్పుడల్లా బుడగ నొక్కుకొని, యంత్రంలోని కాగితంపై గీత పడేది. ఈ ప్రయోగాలను ఆయన 1873లో గ్రంథస్థం చేశాడు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా అమర్చిన కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని చిత్రించి, ఒక క్షణంలో నాలుగు కాళ్ళూ నేలను వీడుతాయని నిరూపించాడు. చిత్రకారులు అప్పటివరకు చూపినట్లు కాళ్ళు ముందుకూ వెనుకకూ చాచి ఉన్నప్పుడు కాక, పొట్ట కిందకు ముడుచుకున్నప్పుడు ఆ క్షణం వస్తుందని కూడా తేలినది. నేటి సెన్సార్లు మారే చూపిన బాటలోనివే. రబ్బరు బుడగకు బదులు త్వరణాన్ని కొలిచే చిన్న చిప్, గొట్టానికి బదులు బ్లూటూత్ వచ్చినవి.

సెన్సార్లు పనిచేసే తీరు

కుంటును పరీక్షించడానికి ట్రాట్ అనే మధ్యరకం పరుగు అత్యంత అనుకూలం. ఈ గతిలో ఎడమ ముందుకాలు కుడి వెనుకకాలితో, కుడి ముందుకాలు ఎడమ వెనుకకాలితో జతగా నేలను తాకుతాయి. ఒక పూర్తి అంగలో శరీరం రెండుసార్లు దిగి, రెండుసార్లు లేస్తుంది. ఆరోగ్యవంతమైన గుర్రంలో ఈ రెండు కదలికలు దాదాపు సమానంగా ఉంటాయి. ఒక కాలిలో నొప్పి ఉంటే గుర్రం ఆ కాలిపై తక్కువ బరువు మోపుతుంది. అందువల్ల రెండు కదలికల మధ్య తేడా ఏర్పడుతుంది.

ముందుకాలి కుంటులో ఈ తేడా తల కదలికలో కనిపిస్తుంది. నొప్పి ఉన్న కాలు నేలపై ఉన్నప్పుడు తల పైకి ఉంటుంది, బాగున్న కాలు మోపినప్పుడు కిందకు వంగుతుంది. వెనుకకాలి కుంటు తుంటి కదలికలో కనిపిస్తుంది. విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో తలపై చెవుల మధ్య ఒకటి, తుంటి మధ్యభాగంలో ఒకటి చొప్పున త్వరణ సెన్సార్లు, కుడి ముందుకాలి గిట్టపై భాగాన ఒక గైరోస్కోప్ అమరుస్తారు. కాలి సెన్సార్ ఏ క్షణంలో ఏ కాలు నేలపై ఉన్నదో తెలుపుతుంది. మిగిలిన రెండు సెన్సార్లు సెకనుకు 200 సార్లు త్వరణాన్ని నమోదు చేస్తాయి. ఆ త్వరణాన్ని గణితపద్ధతిలో స్థానభ్రంశంగా మార్చి, తల లేదా తుంటి ఎన్ని మిల్లీమీటర్లు లేచినదీ, దిగినదీ లెక్కిస్తారు.

ఈ పద్ధతిలో తల కదలికలో 6 మిల్లీమీటర్లు, తుంటి కదలికలో 3 మిల్లీమీటర్లు దాటిన తేడాను గమనింపదగినదిగా పరిగణిస్తారు. నమ్మదగిన ఫలితానికి తిన్నని బాటలో కనీసం 25 అంగలు అవసరం. అంగ అంగకూ కొలత విపరీతంగా మారుతుంటే, సగటు ఎంత పెద్దదైనా దానిని నమ్మరాదు.

కొలతలను అర్థం చేసుకోవడం

సెన్సార్ 'ఈ గుర్రానికి జబ్బు ఉన్నది' అని చెప్పదు. 'ఈ గుర్రపు నడక రెండు పక్కలా సమానంగా లేదు' అని మాత్రమే చెబుతుంది. ఈ భేదాన్ని మరచిన చోట పరికరం మేలుకు బదులు కీడు చేస్తుంది. నడకలో అసమానత మూడు కారణాల వల్ల రావచ్చు.

మొదటిది నొప్పి. గిట్టలో చీము, గిట్ట లోపలి పొరల వాపు, స్నాయువుల గాయం, కీళ్ళ అరుగుదల ఈ కోవలోకి వస్తాయి. రెండవది యాంత్రిక కారణం. పాత గాయం వల్ల కీలు బిగుసుకొనడం, గిట్టలు అసమానంగా పెరగడం, నాడా సరిగా కుదరకపోవడం దీనికి ఉదాహరణలు. మూడవది ఆ గుర్రానికి సహజమైన తీరు. మనుషులలో కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం ఉన్నట్లే గుర్రాలలోనూ పక్కల మధ్య కొంత భేదం ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న రోజున తీసిన తొలి కొలత చేతిలో ఉంటేనే మూడవదానిని మొదటి రెండింటి నుంచి వేరు చేయగలం. కాబట్టి ప్రామాణిక హద్దుతో పోల్చడం కంటే అదే గుర్రపు పాత కొలతతో పోల్చడం అధిక ఫలదాయకం.

ఒక కాలి నొప్పి మరో కాలి కుంటుగా భ్రమింపజేయగలదన్న సంగతి కూడా విద్యార్థులు గుర్తుంచుకోవాలి. వెనుకకాలి నొప్పి వల్ల గుర్రం బరువును ముందుకు నెట్టినప్పుడు, అదే పక్క ముందుకాలు కుంటుతున్నట్లు కొలతలు చూపవచ్చు. ముందుకాలి నొప్పి ఎదురుపక్క వెనుకకాలి కుంటుగా కనిపించవచ్చు. అసలు కాలిని నిర్ధారించడానికి గిట్టను పట్టకారుతో నొక్కి చూడడం, కీళ్ళను వంచి పరీక్షించడం, నరాలకు మత్తుమందు ఇచ్చి నడిపించి చూడడం తప్పనిసరి. మత్తుమందు ఇచ్చిన తరువాత అసమానత ఎంత తగ్గినదో అంకెలలో చూపగలగడమే సెన్సార్ చేసే గొప్ప సహాయం.

ఆరోగ్య పర్యవేక్షణ

నడకతో పాటు దేహస్థితిని గమనించే సెన్సార్లు కూడా ఉన్నాయి. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రపు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, శ్వాస 8 నుంచి 16 సార్లు ఆడుతుంది. తీవ్రమైన పరుగులో గుండె వేగం 220 దాటవచ్చు. పని ఆపిన తరువాత అది ఎంత త్వరగా దిగివస్తుందన్నది ముఖ్యం. దూరప్రయాణ పోటీలలో విరామ సమయపు పశువైద్య తనిఖీలో గుండె వేగం సాధారణంగా 64కు మించకూడదన్న నియమం పాటిస్తారు. జీను పట్టీ కింద అమర్చే గుండె సెన్సార్ ఈ దిగుదలను కొలుస్తుంది. వేసవి వేడిమి, తేమ రెండూ అధికంగా ఉండే కోస్తాలో చెమట త్వరగా ఆరదు, దేహతాపం తగ్గదు. అందువల్ల బరువు మోసిన గుర్రానికి ఇక్కడ ఈ కొలత మరింత అవసరం.

కాలికి కట్టే త్వరణ సెన్సార్ గుర్రం ఎంతసేపు పడుకున్నదీ తెలుపుతుంది. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గాని గాఢమైన స్వప్ననిద్రకు పడుకొనక తప్పదు. పడుకునే సమయం తగ్గితే నొప్పి గాని, చోటు సరిగా లేకపోవడం గాని కారణం కావచ్చు. మాటిమాటికీ పడుకొని లేవడం, పొర్లడం కడుపునొప్పికి సూచన. సుమారు 11 నెలల గర్భధారణ తరువాత ఈనే ఆడగుర్రం పక్కకు వాలి పడుకున్నప్పుడు యజమానికి హెచ్చరిక పంపే పరికరాలు కూడా ఉన్నాయి.

అంటువ్యాధుల విషయంలో మాత్రం వీటిపై ఆధారపడరాదు. గుర్రాల నుంచి మనుషులకు సోకగల గ్లాండర్స్ వ్యాధిని ఏ ధారణ సెన్సారూ నిర్ధారించలేదు. జ్వరం, ముక్కు నుంచి చిక్కని స్రావం, చర్మంపై గడ్డలు కనిపిస్తే వెంటనే గుర్రాన్ని వేరుచేసి, పశుసంవర్ధక శాఖకు తెలిపి, రక్త నమూనాను ప్రయోగశాలకు పంపాలి. హర్యానాలోని హిసార్‌లో 1985లో ఏర్పడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ రంగంలో దేశానికి ఆధారం.

చీపురుపల్లి ప్రాంతానికి అన్వయం

పందెపు గుర్రాలు వందల సంఖ్యలో ఒకేచోట ఉండే హైదరాబాదు మలక్‌పేటకు తగిన పద్ధతి చీపురుపల్లికి తగదు. ఇక్కడ గుర్రాలు కొద్ది, అవి ఊరికొకటిగా చెదిరి ఉంటాయి. ఒక్కొక్క గుర్రానికి ఒక్కొక్క పరికరం కొనమనడం యజమానిపై మోయలేని బరువు. పరికరం ఉమ్మడిది కావాలి, కొలత మాత్రం ప్రతి గుర్రానికీ విడిగా ఉండాలి.

ఇందుకు అవసరమైన సంస్థలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల చీపురుపల్లికి పొరుగునే ఉన్న గరివిడిలో ఉన్నది. కొండప్రాంత రైతులకు రస్తాకుంటుబాయిలోని కృషి విజ్ఞాన కేంద్రం చేరువ. 1962 నంబరుకు పిలిస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలను రాష్ట్రంలో 2022లో నియోజకవర్గానికి ఒకటి చొప్పున ప్రారంభించారు. కళాశాల వద్ద ఒక సెన్సార్ పెట్టె ఉంచి, నిర్ణీత శిబిరాలకు సంచార వాహనం ద్వారా చేర్చితే, ఏడాదికి రెండు మూడు సార్లు ప్రతి గుర్రపు తొలి కొలతను తీసి భద్రపరచవచ్చు. పని ఎక్కువగా ఉండే పెళ్ళిళ్ళ కాలానికి, జాతరలకు ముందు ఒక కొలత, తరువాత ఒక కొలత తీయడం ఉత్తమం. విద్యార్థులకు ఇది క్షేత్రశిక్షణ, యజమానికి ఉచిత పరీక్ష.

పాడి పశువులలో ఇదే సూత్రం ఎదను గుర్తించడానికి ఉపయోగపడుతున్నది. ఎదకు వచ్చిన పశువు ఎక్కువగా తిరుగుతుంది కనుక అడుగుల లెక్క పెరుగుతుంది. గుర్రపు కొలతలలో శిక్షణ పొందిన సిబ్బంది ఆ నైపుణ్యాన్ని ఆవులకు, గేదెలకు సైతం అన్వయించగలరు. కేవలం కొద్ది గుర్రాల కోసం ఇంత ప్రయాస ఎందుకన్న ప్రశ్నకు ఇది తగిన సమాధానం.

పాటించవలసిన జాగ్రత్తలు

1. పరీక్షకు చదునైన, గట్టి, తిన్నని బాటను ఎంచుకోవాలి. వాలు బాట, గోతులు, వదులు ఇసుక కొలతను మారుస్తాయి. ప్రతిసారీ అదే బాటను వాడడం మేలు.

2. నడిపించే వ్యక్తి పగ్గాన్ని వదులుగా పట్టాలి. బిగించి పట్టితే తల కదలిక అణగి, ముందుకాలి కుంటు మరుగున పడుతుంది.

3. నొప్పి తగ్గించే మందు ఇచ్చారేమో యజమానిని ముందుగా అడగాలి. మందు ప్రభావంలో ఉన్న గుర్రపు మంచి కొలత మోసపూరితం.

4. నాడా వేసిన తేదీని కొలతతో పాటు రాయాలి. సాధారణంగా 6 నుంచి 8 వారాలకు ఒకసారి గిట్టలు చెక్కి నాడాలు మార్చాలి.

5. చెమట వల్ల అంటు పట్టీలు జారిపోతాయి, బిగుతు పట్టీలు చర్మాన్ని ఒరుస్తాయి. పరీక్ష ముగిసిన వెంటనే తీసి చర్మాన్ని చూడాలి.

6. ఫలితాన్ని యజమానికి అంకెలలో కాక పనికి సంబంధించిన మాటలలో చెప్పాలి. ఎన్ని రోజులు బరువు వేయరాదు, మళ్ళీ ఎప్పుడు చూపాలి అన్నవే అతనికి కావలసిన సమాచారం.

ముగింపు

గిట్ట పట్టి చూసే చేతికి సెన్సార్ ప్రత్యామ్నాయం కాదు. ఏ గిట్టను ముందుగా పట్టి చూడాలో అది చెబుతుంది, చికిత్స ఫలించినదో లేదో తరువాత చెబుతుంది. పరికరాన్ని ఉమ్మడిగా వాడుకొని, ప్రతి గుర్రానికీ దాని సొంత కొలతను భద్రపరచగలిగితే, గుర్రాలు తక్కువగా ఉన్న ప్రాంతంలోనూ ఈ సాంకేతికత సార్థకమవుతుంది. కంటికి కనబడని కుంటుకు వారం రోజుల విశ్రాంతి సరిపోవచ్చు. అదే కుంటు అందరికీ కనబడే నాటికి ఆ కుటుంబం గుర్రాన్నే కోల్పోయే స్థితి రావచ్చు. ఈ రెండింటి మధ్య వ్యవధిని యజమానికి సంపాదించి పెట్టడమే విస్తరణ సిబ్బంది లక్ష్యం కావాలి.