అంగన్‌వాడీ అంటే గుడ్డు, భోజనమే కాదు: మీ బిడ్డ నలుగురితో కలవడం నేర్చుకునే చోటు

మీ ఇంట్లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలున్నారా? అయితే ఇది మీ కోసమే.

కొందరు తల్లులు భోజనం టైంకి బిడ్డను అంగన్‌వాడీకి తీసుకొచ్చి, తినగానే ఇంటికి తీసుకెళ్తున్నారు. తిండి అందుతోంది, కానీ ఆటపాటలు పోతున్నాయి. ఆగడం, పంచుకోవడం, కోపాన్ని మాటల్లో చెప్పడం బిడ్డకు అలవాటయ్యేది ఆ ఆటల్లోనే.

అంగన్‌వాడీలో ఏం నేర్పుతారు?

2023లో కేంద్ర ప్రభుత్వం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం మొదలుపెట్టింది. పోషణతో పాటు చదువు కూడా అని దీని అర్థం. దీని ప్రకారం రోజూ కనీసం 2 గంటలు ఆటపాటలతో చదువు చెప్పాలి. ఫీజు లేదు.

బంతి ఒకటే ఉండి పిల్లలు పదిమంది ఉంటే, తన వంతు వచ్చేదాకా ఆగడం అలవాటవుతుంది. కథలో కుందేలుకు భయమేసిందని టీచర్ చెప్తే, ‘నాకూ భయమేస్తోంది’ అని చెప్పడం బిడ్డకు తెలుస్తుంది. ఈ అలవాట్లుంటే 1వ తరగతిలో చేరినప్పుడు బెదురు తగ్గుతుంది.

ఇంట్లో మీరేం చేయాలి?

• ఏడుస్తుంటే ‘బూచోడొస్తాడు, ఊరుకో’ అనకండి. ‘బొమ్మ విరిగిందని బాధగా ఉందా నాన్నా?’ అని అడగండి.
• ‘మగపిల్లాడివి, ఏడుస్తావా?’ అనే మాట వద్దు. బాధ అందరికీ ఉంటుంది.
• పక్క పిల్లల్ని కొడితే మీరు తిరిగి కొట్టకండి. చెయ్యి పట్టుకుని ఆపండి. ‘కోపమొస్తే నోటితో చెప్పు, కొట్టకూడదు’ అని నెమ్మదిగా చెప్పండి.
• ఊరుకోబెట్టడానికి ఫోన్ ఇవ్వకండి. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు టీవీ, ఫోన్ అన్నీ కలిపి రోజుకు 1 గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.
• చిక్కుడుకాయలు గిల్లడం, కంచాలు పెట్టడం లాంటి చిన్న పనులు ఇచ్చి, చేశాక మెచ్చుకోండి.

మీరు పనికి వెళ్తే బిడ్డను చూసుకునే అమ్మమ్మకో, నాయనమ్మకో ఇది చదివి వినిపించండి.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు మళ్లీ పోవడం కనిపిస్తే ‘పెద్దయితే అదే వస్తుందిలే’ అని ఆగకండి. టీచరుకు చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని ఉచితంగా పరీక్షించాలి. అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు.

ఎవరిని అడగాలి?

పేరు నమోదుకు మీ అంగన్‌వాడీ టీచరును కలవండి. ఆటపాటలు జరగకపోతే సూపర్‌వైజరుకు, అప్పటికీ మార్పు లేకపోతే సీడీపీవోకు చెప్పండి. పిల్లలకు ఆపద ఉంటే 1098కి ఫోన్ చేయండి. కాల్ ఉచితం.

రేపటి నుంచి బిడ్డను భోజనం టైంకి కాదు, పొద్దున ఆటల టైంకే పంపండి.