బిడ్డ కాలేజీ చదువుకు సర్కారు సాయం

బిడ్డ ఇంటర్ పాసయింది. డిగ్రీ చదువుతానంటది. ఫీజుకు పైసలు ఎక్కడివి? పరిగి చుట్టుపక్కల కూలికి పోయే ఎన్నో ఇళ్లల్లో చదువు ఇక్కడే ఆగుతది. ఆడపిల్లయితే పెళ్లి మాటలు కూడా అప్పుడే మొదలవుతయి.

సాయంతో పెద్ద చదువు చదవడం చిన్నతనం కాదు. 1913లో అంబేద్కర్ అమెరికా పోయి చదివింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే. 1944లో దళిత పిల్లల కాలేజీ చదువుకు ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. తర్వాత మిగతా పేద కులాలకూ వచ్చాయి.

తెలంగాణలో ఈ సాయం రెండు విధాలు. ఒకటి విద్యార్థి ఖర్చులకు. రెండోది కాలేజీ ఫీజుకు. దీన్నే ఫీజు రీయింబర్స్‌మెంటు అంటారు. పల్లెల్లో ఉండే బీసీల ఆదాయం ఏడాదికి లక్షా 50 వేలు దాటరాదు. ఎస్సీ, ఎస్టీలకు ఇంతకన్నా కొంత ఎక్కువున్నా వస్తుంది. మేనేజ్‌మెంటు సీటు కొన్నవాళ్లకు రాదు. ఇది సీటు తీసుకోకముందే అడగాలి.

కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీ-సేవలో దరఖాస్తు పెట్టాలి. తహసీల్దారు ఇస్తారు. ఆ తర్వాత ఈ-పాస్‌లో దరఖాస్తు చేయాలి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క తీరుగా ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా పని ఆగుతుంది. సంతకం పెట్టే ముందు తల్లి ఆ పేర్లు తానే చదివి చూసుకోవాలి. దరఖాస్తు కాగితాలు కాలేజీలో ఇయ్యాలి. ఏటా మళ్లీ దరఖాస్తు పెట్టాలి. నూటికి 75 రోజులు కాలేజీకి పోవాలి.

ఇంత చేసినా డబ్బు ఆలస్యంగా వస్తున్నది. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. సర్కారు డబ్బు రాలేదని కొన్ని కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు ఆపుతాయి. సర్కారు బాకీకి పిల్లను పట్టుకోవడం ఏం న్యాయం? ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు ఉంచుకోవద్దని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లోనే చెప్పింది.

పరిగి 2016 నుంచి వికారాబాద్ జిల్లాలో ఉంది. సర్టిఫికెట్లు ఇయ్యకుంటే వికారాబాద్ కలెక్టరేట్‌కు పోవచ్చు. సోమవారం అక్కడ ప్రజావాణి ఉంటుంది. నోటితో చెప్పి రావద్దు. కాగితం మీద రాసి ఇయ్యాలి. ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోవాలి.